కొత్తగా పరిచిన లాన్ నిలదొక్కుకోవాలంటే: బెంగళూరు ఇళ్ళలో మొదటి రెండు నెలల పని

గడ్డి రోల్స్ పరిచేసి, పనివాళ్ళు వెళ్ళిపోయాక ఇంటి ముందు పచ్చగా కనిపించే లాన్‌ను చూసి పని అయిపోయిందనుకోకండి. నర్సరీ పొలంలో గడ్డిని పలుచగా కోసి చుట్టేటప్పుడు దాని వేళ్ళలో చాలా భాగం అక్కడి నేలలోనే తెగి ఉండిపోయింది. ఇప్పుడు మీ దగ్గరున్నది అంగుళం మందం కూడా లేని మట్టిని పట్టుకుని బతుకుతున్న గడ్డి. అది మీ నేలలోకి కొత్త వేళ్ళు దించుకునేదాకా ఆకుల రంగును నమ్మడానికి లేదు. కింద ఎండిపోయిన రెండు మూడు రోజులకు గానీ పైన పసుపు కనిపించదు. కాబట్టి ఏం చేయాలన్నా ముందు గడ్డి ముక్క మూల ఎత్తి కింద చూడండి, ఆ తర్వాతే చేయండి. నేను చెప్పేవాటిలో ఇదొక్కటి గుర్తుంచుకున్నా మీ గడ్డి సగం గట్టెక్కినట్టే.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న చుట్టాలు చెప్పే లెక్కలు ఇక్కడ యథాతథంగా పనికిరావు. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఎండాకాలం వాళ్ళకున్నంత తీవ్రంగా ఉండదు, చలికాలం రాత్రులు మాత్రం బాగా చల్లబడతాయి. మన లాన్లలో వేసే గడ్డి రకాలన్నీ వేడిని ఇష్టపడేవే. డిసెంబర్, జనవరిలో పరిస్తే చచ్చిపోవు కానీ వేళ్ళు దించుకోవడానికి చాలా సమయం తీసుకుంటాయి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అన్నిటికంటే అనువైన కాలం. మార్చి, ఏప్రిల్‌లో నీళ్ళ భరోసా లేకుండా గడ్డి పరచకండి.

మీ గడ్డి ఏ రకమో కనుక్కోండి

సిద్దాపుర నర్సరీల్లో అడిగినా, ఊరి బయట నర్సరీల్లో అడిగినా ఎక్కువగా వినిపించే పేరు మెక్సికన్ గ్రాస్. సన్నటి ఆకు, దట్టంగా, మెత్తగా ఉంటుంది. చూడ్డానికి అందమే కానీ వేరు పట్టడంలో నిదానం. రెండోది బెర్ముడా. ఇది మన గరికే, వినాయకుడికి పెట్టే గరికకు లాన్ కోసం ఎంచిన రూపం. తొందరగా వేళ్ళు దించుతుంది, పగలంతా ఎండ కావాలి. మూడోది వెడల్పాటి ఆకుల బఫెలో గ్రాస్, ఇది కొంచెం నీడనూ ఓర్చుకుంటుంది. రకం తెలియకపోతే ఎన్ని రోజులు ఆగాలో, ఎంత ఎత్తులో కోయాలో తెలియదు. బిల్లు మీద రాయించుకోండి.

పక్కింటి నాలుగంతస్తుల నీడలో మెక్సికన్ పరిచి ఉంటే ఒక మాట సూటిగా చెప్తాను. రోజుకు కనీసం ఐదారు గంటల ఎండ పడని చోట ఏం చేసినా అది పలచబడుతుంది. ఆ భాగం వరకు ఇప్పుడే బఫెలోకి మార్చడం మేలు.

పరిచిన రోజు

చుట్టి ఉంచిన గడ్డి లోలోపల వేడెక్కుతుంది. లారీలో ఒక రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన రోల్ మధ్యలో చేయి పెడితే ఆ వేడి తెలుస్తుంది. అందుకే వచ్చిన రోజే పరచాలి. పొద్దుపోతే కనీసం విప్పి నీడలో నేల మీద వేసి నీళ్ళు చల్లి ఉంచాలి.

రోల్ అడుగున ప్లాస్టిక్ పట్టా ఉందేమో చూడండి. కొన్ని నర్సరీలు పట్టా మీదే పెంచుతాయి. తీయకుండా పరిస్తే వేరు ఎటూ దిగలేదు. పనివాళ్ళు తొందరలో ఒకటి రెండు చోట్ల వదిలేస్తారు. పరుస్తున్నంతసేపూ మీరు పక్కనే ఉండండి.

పరచడం మొత్తం అయ్యేదాకా ఆగకుండా, ఒక పక్క పరుస్తుంటే ఇంకో పక్క తడపాలి. పరిచిన అరగంటలోపు ప్రతి ముక్కకూ నీళ్ళు అందాలి. ఈ మొదటి తడి మాత్రం చాలా ఎక్కువ ఉండాలి. గడ్డి మట్టి తడిసి, దాని కింది నేల కూడా మూడు నాలుగు అంగుళాల లోతు దాకా తడవాలి. తర్వాత నీళ్ళు కొంచెం ఇంకాక తేలికపాటి రోలర్ ఒకసారి దొర్లించండి. రోలర్ లేకపోతే వెడల్పాటి ప్లైవుడ్ పలక వేసి దాని మీద మెల్లగా నడిస్తే చాలు. గడ్డి మట్టికీ నేలకూ మధ్య గాలి ఖాళీ ఉంటే అక్కడ వేరు ఎండిపోతుంది. ఈ పనంతా ఆ ఖాళీ పోగొట్టడానికే.

ముక్కకూ ముక్కకూ మధ్య సందులున్నచోట ఎం.శాండ్ (రాళ్ళు పిండి చేసి తీసే ఇసుక), వర్మీకంపోస్ట్ సగం సగం కలిపి వేళ్ళతో నింపండి. సందు మూయాలని గడ్డిని లాగి సాగదీయకండి, ఆరాక మళ్ళీ కుంచించుకుపోతుంది. గోడ పక్కన, నడకదారి పక్కన ఉన్న అంచులకు కూడా ఈ మిశ్రమమే ఆనించండి. ఎండిపోవడం ఎప్పుడూ అంచుల నుంచే మొదలవుతుంది.

నీళ్ళు

దీని మీదే ఎక్కువ చెప్తాను, ఎందుకంటే కొత్త లాన్లు ఎక్కువగా పాడయ్యేది నీళ్ళ దగ్గరే. తక్కువై కొన్ని, ఎక్కువై కొన్ని.

మా వీధిలో చాలా ఇళ్ళకు తోటపని చేసే మదనపల్లె పెద్దాయన ఒకరున్నారు. ఏ ఇంట్లో కొత్త గడ్డి వేసినా పైపు పట్టుకునే ముందు ఆయన చేసే పని ఒకటే. గొంతుక్కూర్చుని, ఒక ముక్క మూలను రెండు వేళ్ళతో పైకెత్తి, కింద అరచేయి దూర్చి నేలను నొక్కుతారు. చేతికి చల్లగా తగిలి, చిటికెడు మట్టి తీస్తే ముద్ద అయితే, మూల దించి అరచేత్తో అదిమి లేచిపోతారు, ఆ పూట నీళ్ళు పెట్టరు. పొడిగా రాలితే పైపు తెప్పిస్తారు. వేళ్ళ మధ్య నీళ్ళు కారితే ఆ ఇంటివాళ్ళకు చీవాట్లు పడినట్టే. "పైన చూస్తే ఏం తెలుస్తాదమ్మా, కింద చెయ్యి పెట్టి చూడు" అంటారు. మీరూ రోజూ మూడు చోట్ల అలాగే చూడండి: ఒకటి అంచున, ఒకటి నడిమధ్య, ఒకటి పల్లంగా ఉన్నచోట. మూడు చోట్లా ఒకేలా ఉండదు. అంచుకు అదనంగా పట్టాలి, పల్లంలో తగ్గించాలి.

ఇక లెక్క. వంద చదరపు అడుగుల గడ్డికి 25 మిల్లీమీటర్ల నీళ్ళు పెట్టాలంటే దాదాపు 230 లీటర్లు కావాలి, అంటే ఇరవై లీటర్ల క్యాన్లు పదకొండున్నర. వేళ్ళు కుదురుకున్న లాన్‌కు వానలేని రోజుల్లో వారానికి ఇంత సరిపోతుంది. కొత్త లాన్‌కు మొదటి వారం దీనికి ఒకటిన్నర రెట్ల దాకా పట్టొచ్చు, అది కూడా కొంచెం కొంచెంగా. అంటే వంద అడుగులకు రోజుకు యాభై లీటర్ల చుట్టూ, రెండు మూడు విడతల్లో. ఐదు వందల అడుగుల లాన్ అయితే రోజుకు 250 లీటర్లు. గడ్డికి ఆర్డర్ ఇచ్చే ముందే మీ సంపు, మీ బోరు ఈ భారం మోయగలవా అని ఆలోచించుకోండి.

మీ పైపు నిమిషానికి ఎన్ని లీటర్లు ఇస్తుందో తెలుసుకోవడం తేలిక. బకెట్ నిండడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. స్ప్రింక్లర్ అయితే లాన్ మీద అక్కడక్కడ నాలుగైదు నిలువు గోడల స్టీలు డబ్బాలు పెట్టి, పావుగంట తర్వాత స్కేలుతో లోతు కొలవండి. ఒక డబ్బాలో ఎక్కువ, ఇంకో దాంట్లో తక్కువ వస్తే స్ప్రింక్లర్ జరపాలి.

మొదటి వారం పొద్దున్నే ఆరు ఏడు గంటలకు ఒకసారి బాగా, మధ్యాహ్నం ఎండ తీవ్రంగా ఉంటే పన్నెండు ఒంటిగంట మధ్య ఒకసారి తేలికగా, కావాలంటే మూడు నాలుగింటికి ఇంకొంచెం. ఎండలో నీళ్ళు పడితే ఆకు మాడిపోతుందని చాలామంది భయపడతారు. మాడదు. కొత్త గడ్డికి ఆ మధ్యాహ్నపు తడి ప్రాణం నిలబెడుతుంది. పెట్టకూడనిది రాత్రిపూట. ఆఫీసు నుంచి వచ్చి ఎనిమిదింటికి పైపు పట్టుకుంటే ఆకులు తెల్లవార్లూ తడిగా ఉండి బూజు తెగులుకు దారి ఇస్తాయి. పొద్దున తీరిక లేనివాళ్ళు కుళాయికి టైమర్ బిగించుకోవడం మంచిది.

రెండో వారం రోజుకు ఒక్కసారికి దించండి. మూడో వారం రోజు విడిచి రోజు, పెట్టినప్పుడు లోతుగా. ఇలా తగ్గించడానికి చాలామందికి మనసు రాదు, కానీ పైపైన ఎప్పుడూ తడి ఉంటే వేరుకు కిందికి వెళ్ళాల్సిన అవసరమే రాదు. పైమట్టి కొద్దిగా ఆరి కింద తడి మిగిలితేనే వేరు ఆ తడి వెతుక్కుంటూ దిగుతుంది. గడ్డికి నిజంగా దాహమేస్తే అదే చెప్తుంది: ఆకులు నిలువునా ముడుచుకుంటాయి, రంగు నీలం కలిసిన బూడిదగా మారుతుంది, వేలితో నొక్కి వదిలితే ఆకులు వెంటనే లేవవు. ఇవి కనిపిస్తే సాయంత్రమైనా సరే ఆరోజుకు తడిపేయండి.

వాన సంగతి. బెంగళూరు వానలు ఒక్కోసారి ఒక్క పూటలో కుమ్మరిస్తాయి. 2024 జూన్ 2న ఒకే రోజులో 111 మిల్లీమీటర్లు పడింది. అలాంటి వాన వాలు మీద పరిచిన కొత్త గడ్డిని జార్చేస్తుంది. వాలు ఉన్నచోట ముక్కలను అడ్డంగా, ఇటుక వరసల్లా అతుకులు కలవకుండా పరిపించి, వెదురు పుల్లలు గుచ్చి ఉంచండి. వేరు పట్టాక తీసేయొచ్చు. వాన ఆగాక గంటకు కూడా నీళ్ళు నిలిచి ఉన్న చోటును గుర్తు పెట్టుకోండి. ఆ ముక్క ఎత్తి కింద ఎం.శాండ్ కలిపిన మట్టి నింపి మళ్ళీ పరచాలి. వేరు పట్టకముందే ఇది సులువు.

ఏ నీళ్ళు పెడుతున్నారు

2024 మార్చిలో నీటి ఎద్దడి వచ్చినప్పుడు జలమండలి తాగునీటిని తోటలకూ కార్లు కడగడానికీ వాడకూడదని ఆంక్ష పెట్టి, మీరితే 5,000 రూపాయల జరిమానా అంది. అది మరిచిపోకండి. తాగడానికి వచ్చే కావేరి నీళ్ళ మీద లాన్ పెట్టుకోవడం ధర్మం కాదు, తెలివీ కాదు.

అపార్ట్‌మెంట్లలో, విల్లా లేఅవుట్లలో ఎస్టీపీ నీళ్ళు, అంటే అక్కడి ప్లాంట్‌లో శుద్ధి చేసిన మురుగునీళ్ళు దొరుకుతాయి. లాన్‌కు అవి బాగా పనికొస్తాయి. కాకపోతే వాసన ముక్కుకు కొట్టేలా, రంగు నల్లగా ఉంటే ప్లాంట్ సరిగా నడవడం లేదని అర్థం. ఆ నీళ్ళు కొత్త గడ్డికి పెట్టకుండా అసోసియేషన్‌కు చెప్పండి. పిల్లలు ఆడే సమయానికి ముందు ఈ నీళ్ళు చల్లకండి, పొద్దున్నే పెట్టేయండి.

బోరు నీళ్ళు చాలా చోట్ల ఉప్పదనంతో, కాల్షియం లాంటి లవణాలతో కఠినంగా ఉంటాయి. గడ్డి వాటిని చాలావరకు ఓర్చుకుంటుంది. ఓర్చుకోలేనిది సాఫ్ట్‌నర్ (నీటి కఠినత్వం తగ్గించే పరికరం) నుంచి వచ్చిన నీళ్ళను. వైట్‌ఫీల్డ్, సర్జాపుర వైపు చాలా ఇళ్ళలో బోరు నీళ్ళను సాఫ్ట్‌నర్ గుండా పంపుతారు. దాంట్లో ఉప్పు వేస్తారు కదా, కాల్షియం పోయి ఆ స్థానంలో సోడియం వస్తుంది. ఆ నీళ్ళు రోజూ పడితే ఎర్రమట్టి బిగుసుకుపోయి నీళ్ళు ఇంకవు, గడ్డి కొసలు మాడతాయి. ప్లంబర్‌ను పిలిపించి తోట కుళాయిని సాఫ్ట్‌నర్‌కు ముందే కలపమనండి. చిన్న పని, దాని ఫలితం ఏళ్ళపాటు ఉంటుంది.

గృహప్రవేశం ముందు రోజు గడ్డి

కొత్త ఇల్లు కట్టుకున్న మనవాళ్ళు చాలామంది గృహప్రవేశానికి ఒకటి రెండు రోజుల ముందు గడ్డి పరిపిస్తారు. ఫోటోల్లో పచ్చగా ఉండాలని. తర్వాత దాని మీదే షామియానా గుంజలు పాతి, కుర్చీలు వేసి, వంటవాళ్ళ డేగిశాలు దించుతారు. అప్పుడే దిగబోతున్న లేత వేళ్ళు ప్రతి అడుగుకూ తెగిపోతాయి, తడి మట్టి కుర్చీ కాళ్ళ కింద గుంటలు పడుతుంది. మర్నాటికి ఏమీ తెలియదు. పది రోజులకు కుర్చీల వరసలు పసుపు చారలై బయటపడతాయి.

ముహూర్తానికి నెలన్నర ముందు పరిపించండి, లేదా అంతా అయ్యాక పరిపించండి. మధ్యేమార్గం లేదు. ఇప్పటికే పరిచేసి ఉంటే, భోజనాలు మేడ మీదో రోడ్డు వైపో పెట్టి, లాన్ చుట్టూ తాడు కట్టేయండి. దాటక తప్పని చోట ప్లైవుడ్ పలకలు వేసి, అయిపోగానే తీసేయండి. ఎండలో రెండు మూడు గంటలు పలక కింద ఉన్నా గడ్డి ఉడికిపోతుంది. మామూలు రోజుల్లో కూడా మొదటి మూడు వారాలు పిల్లల క్రికెట్, కుక్క పరుగులు వద్దు. కుక్క మూత్రం పోసినచోట వెంటనే ఒక చెంబెడు నీళ్ళు పోయండి. జనవరిలో పరిచినవాళ్ళు భోగి మంట గేటు బయట వేసుకోండి.

వేరు పట్టిందా

పదో రోజు నుంచి చూడండి. గుప్పెడు ఆకులు పట్టుకుని మెల్లగా పైకి లాగండి. ముక్క లేచి వస్తే ఇంకా పట్టలేదు. నేల పట్టి లాగినట్టు అనిపిస్తే పట్టింది. మూల ఎత్తి చూస్తే అడుగున తెల్లటి సన్నని పోగులు కనిపించాలి, అవి కొత్త వేళ్ళు. గోధుమ రంగువి పాతవి, వాటిని లెక్కలోకి తీసుకోకండి. బెర్ముడా పది, పద్నాలుగు రోజుల్లో పట్టేస్తుంది. మెక్సికన్‌కు మూడు నాలుగు వారాలు ఓపిక పట్టాలి. చలికాలంలో ఇంకా ఎక్కువ. ఒకచోట పట్టి ఇంకోచోట పట్టకపోతే, పట్టనిచోట కింద తవ్వి చూడండి. బిల్డర్ వదిలిన సిమెంటు పెళ్ళలు, ఇటుక ముక్కలు తేలే అవకాశం ఎక్కువ. రెండంగుళాల ఎర్రమట్టి కప్పి అప్పగించిన ఇళ్ళు ఈ ఊళ్ళో తక్కువేం కాదు. అరడుగు లోతు దాకా చెత్త తీసి మంచి మట్టి నింపితేనే అక్కడ గడ్డి నిలుస్తుంది.

మొదటి కోత

వేరు పట్టిందని తేలాకే, నేల ఆరి ఉన్నప్పుడే కోయండి. ఒక్కసారికి ఎత్తులో మూడో వంతు కంటే ఎక్కువ తీయకూడదు. బెర్ముడాను అంగుళం, ఒకటిన్నర అంగుళం మధ్య ఉంచండి. బఫెలోను రెండున్నర, మూడు అంగుళాల కంటే కిందికి దించకండి. మెక్సికన్ నిదానంగా పెరుగుతుంది కాబట్టి మొదటి రెండు నెలల్లో కోతే రాకపోవచ్చు. అలాగని ఎప్పటికీ వదిలేస్తే మెత్తటి గుట్టలు కట్టి లోపల గోధుమగా మారుతుంది. మిషన్ బ్లేడు పదును పెట్టించండి. మొండి బ్లేడు ఆకును కోయదు, చీలుస్తుంది, కొసలు తెల్లబడతాయి. అద్దె మిషన్‌తో వచ్చేవారి బ్లేడు ముందు ఇంకెవరి లాన్‌లో తిరిగిందో తెలియదు, కాబట్టి కడిగించాకే లోపలికి రానివ్వండి.

ఎరువు

వారం తిరగకముందే యూరియా చల్లుదామనేవాళ్ళు తప్పకుండా వస్తారు. వద్దనండి. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. వేళ్ళు లేని గడ్డికి అది ఆకును తోస్తుంది, ఆ ఆకును పోషించే వేరు ఇంకా లేదు. నెల దాటాక, లీటరుకు ఐదు గ్రాముల 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే ఎరువు) కలిపి, వంద అడుగులకు పది లీటర్ల చొప్పున పొద్దున పూట చల్లండి. ఇంకో నెలకు యూరియా వాడాలనుకుంటే వంద అడుగులకు యాభై గ్రాములు చాలు. ఆకులు పొడిగా ఉన్నప్పుడు చల్లి, వెంటనే నీళ్ళతో కిందికి దింపేయాలి. వేపపిండి, జల్లెడ పట్టిన వర్మీకంపోస్ట్ మాత్రం నెల తర్వాత ఎప్పుడైనా పలుచగా చల్లుకోవచ్చు.

తెగులు, పురుగు, కలుపు

పసుపు మచ్చ కనిపించగానే మందు కొట్టకండి. ముందు మూల ఎత్తండి. కింద పొడిగా ఉంటే అది దాహం. బురదగా ఉండి కుళ్ళు వాసన వస్తే నీళ్ళు ఎక్కువయ్యాయి, రెండు రోజులు ఆపండి. తడి సరిగానే ఉండి, మచ్చ గుండ్రంగా పెరుగుతూ, పొద్దున్నే ఆకుల మీద సాలెగూడు లాంటి బూజు కనిపిస్తే అది శిలీంద్రం. వానాకాలంలో ఎక్కువ. సాయంత్రపు నీళ్ళు ఆపి, మాంకోజెబ్ అనే శిలీంద్రనాశక మందు లీటరుకు రెండు గ్రాములు కలిపి పిచికారీ చేయండి. చేతులకు తొడుగులు వేసుకోండి, ఆరేదాకా పిల్లలను రానివ్వకండి.

మైనాలు, కొంగలు గుంపుగా వచ్చి ఒకేచోట పొడుస్తుంటే కింద పురుగు ఉన్నట్టు. బకెట్ నీళ్ళలో రెండు చెంచాల గిన్నెలు తోమే ద్రవం కలిపి చదరపు గజం మేర పోయండి. ఆకు తినే గొంగళి పురుగులుంటే కొద్ది నిమిషాల్లో పైకి వస్తాయి. తెల్లటి వేరుపురుగులు ఇలా రావు, వాటికోసం గడ్డి ఎత్తి మట్టి కదిపి చూడాలి. రాత్రి పూట ముక్కలు తిరగేసి ఉంటే అది పందికొక్కు పని. పురుగు తగ్గితే దాని రాక కూడా తగ్గుతుంది.

అతుకుల్లో మొదట మొలిచేది తుంగ. లాగితే ఆకు చేతికొస్తుంది, కింద గడ్డ మిగిలి మళ్ళీ మొలుస్తుంది. తడి నేలలో పాత స్క్రూడ్రైవర్ దించి గడ్డతో సహా తీయండి. వయ్యారిభామను పూత రాకముందే, చేతికి తొడుగు వేసుకుని పీకండి. ఖాళీ సైట్ల నుంచి దాని గింజలు గాలికి వస్తూనే ఉంటాయి. కలుపు మందులు మొదటి మూడు నెలలు అసలు వద్దు, లేత గడ్డి వాటిని తట్టుకోదు.

పూర్తిగా గోధుమగా మారి, లాగితే చాపలా లేచివచ్చే ముక్కను బతికించాలని చూడకండి. పరిచేటప్పుడే నాలుగైదు ముక్కలు ఎక్కువ తెప్పించి వెనుక పక్క ఏదో మూలన పరిచి ఉంచుకోండి. పాడైన ముక్క పదునైన కత్తితో చతురస్రంగా కోసి తీసి, కింది మట్టి గుల్ల చేసి, వెనుక నుంచి తెచ్చిన ముక్కను అదిమి పరచండి. ఆ చిన్న ముక్కకు మళ్ళీ మొదటి వారపు నీళ్ళ లెక్కే వర్తిస్తుంది, పక్కనున్న పాత గడ్డితో కలిపి తడిపితే సరిపోదు.